జ్ఞానదంతం: తీయించుకొన్న తరువాత

మనిషి నోటిలో 32 పళ్ళు ఉంటవని చిన్నప్పుడు బడిలో చదువుకొంటాము. నిజానికి ఆ లెక్క బడి చదువు ముగిసేనాటికి పూర్తి కాదు. పాలపళ్ళు ఊడిన చోట వచ్చే పళ్ళూ, వాటి వెనుక మొలిచే దవడపళ్ళూ కలిసి పన్నెండు పదమూడేండ్లకు 28 సమకూరుతవి. మిగిలిన నాలుగూ తొందరపడవు. పదిహేడు మొదలు ఇరవై అయిదేండ్ల లోపల, ఒక్కొక్కరికి ఇంకా ఆలస్యంగా, పై దవడలో రెండూ కింది దవడలో రెండూ, వరుసకు చిట్టచివర మొలుస్తవి. వీటినే మనం జ్ఞానదంతాలు అంటున్నాము.

పేరు గంభీరమైనదే. లాటిన్ భాషలో ఈ పన్నుకు ఉన్న పేరు కూడ జ్ఞానదంతమనే. అరబ్బీవారూ, హిందీవారూ 'అక్ల్' అనే మాట చేర్చి దీనిని తెలివి పన్ను అనే పిలుస్తారు. తురుష్కులు ఇరవయ్యో ఏటి పన్ను అంటారు. కొరియా దేశస్థులు ప్రేమ పన్ను అంటారు; తొలివలపు కలిగే వయస్సులో వస్తుందని కాబోలు. జపాను వారి మాటకు తల్లిదండ్రులెరుగని పన్ను అని అర్థం. పాలపన్ను ఊడితే దానిని ఇంటి కప్పు మీదికి విసరడానికి పక్కన తల్లి ఉంటుంది. ఈ పన్ను వచ్చేనాటికి బిడ్డ పెద్దవాడై ఎక్కడో చదువులోనో, కొలువులోనో ఉంటాడు. కనుక దీని మంచిచెడ్డలు ఎవరివి వారే చూచుకోవలెను. అందుకే ఈ పన్నును గురించి, ముఖ్యంగా దీనిని తీయించుకొన్న తరువాత ఇంటిలో గడపవలసిన వారం రోజులను గురించి, ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఈ పన్నుతో వచ్చే చిక్కులలో ఎక్కువ వాటికి మూలం జాగా లేకపోవడం. పెళ్ళిపంక్తిలో ఆఖరున వచ్చినవానికి విస్తరి దొరకనట్లు, ముందు వచ్చిన పళ్ళు దవడనంతా ఆక్రమించుకొన్న తరువాత దీనికి చోటు మిగలదు. నాగరికత పెరిగినకొద్దీ ఈ చివరి దవడపళ్ళు క్షీణదశకు వస్తున్నట్లున్నవని డార్విన్ పండితుడు 1871లో ప్రకటించిన మానవోత్పత్తి గ్రంథంలోనే గుర్తించినాడు. బాల్యంలో గట్టి పదార్థాలను నమిలినకొద్దీ దవడ ఎముక పెరుగుతుందనీ, బాగా ఉడికిన మెత్తని ఆహారానికి అలవాటుపడిన మనుష్యుల దవడ అంతగా పెరగదనీ పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. లోకంలో సుమారు అయిదోవంతు మందికి నాలుగింటిలో ఒక్కటైనా పుట్టనే పుట్టదు. అటువంటివారు అదృష్టవంతులే, జ్ఞానానికి లోటని చింతించనక్కరలేదు.

చోటు చాలని పన్ను నిటారుగా లేవలేక ఏదో ఒక వైపు ఒరిగిపోతుంది. ఎక్కువమందికి అది ముందున్న పన్ను మీదికి వాలుతుంది. కొందరికి వెనుకకు వాలుతుంది. మరికొందరికి ఎముకలోనే అడ్డంగా పడుకొంటుంది. సగం లేచి ఆగిపోయిన పన్ను అన్నిటికన్న ఎక్కువ బాధ పెట్టుతుంది. దాని నెత్తిన చిగురు ఒక మూతవలె కప్పుకొని ఉంటుంది. ఆ మూత కింద అన్నం మెతుకులూ, పప్పు బద్దలూ చేరి కుళ్ళుతవి. చిగురు ఉబ్బుతుంది. ఉబ్బిన చిగురు మీద పైపన్ను పడి నలుపుతుంది. నలిగినకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. నోరు తెరవడం కష్టమవుతుంది. మింగితే చెవిలోకి పోటు వస్తుంది.

ఈ బాధను మన పూర్వులు ఎరుగుదురు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో ముఖరోగాలు 65 అని లెక్క చెప్పి, వాటిలో అధిమాంసకమనే దానిని వేరుగా వర్ణించినారు. దవడ చివరి పన్ను వద్ద పెద్ద వాపూ, పెద్ద నొప్పీ, నోట లాలాజలం కారడమూ దాని లక్షణాలు. పెరిగిన ఆ మాంసాన్ని ఛేదించి, చూర్ణాలను తేనెతో కలిపి పూయవలెనని చికిత్సాస్థానంలో విధించినారు. నేటి వైద్యుడు ఎక్స్‌రే పటం చూచి చెప్పే రోగాన్ని ఆనాటి వైద్యుడు కంటితో చూచి, వేలితో తాకి పోల్చుకొన్నాడు. చివరి పన్ను మీది మాంసమే ఈ బాధకు నెలవు అని అన్ని శతాబ్దాల నాడే గ్రహించడం మెచ్చుకోదగినది.

నొప్పి వచ్చినప్పుడు ఇంటిలో చేయదగిన ఉపచారం లేకపోలేదు. గోరువెచ్చని నీటిలో ఉప్పు వేసి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించడం మేలు. వాపును అది కొంత తీస్తుంది. మూత కింద చేరిన మురికిని కడుగుతుంది. లవంగనూనెలో ఉండే యూజెనాల్ అనే పదార్థం నరాన్ని కొంతసేపు మొద్దుబరుస్తుంది. అయితే ఆ నూనెను చిక్కగా చిగురు మీద పోస్తే చిగురు కాలుతుంది. కొందరు ఆస్పిరిన్ బిళ్ళను నొప్పి ఉన్నచోట చిగురుకు ఆనించి ఉంచుకొంటారు. అది పుండు చేస్తుందే గాని నొప్పికి ఆ దారిన పనిచేయదు. ఈ ఉపచారాలన్నీ వైద్యుని వద్దకు వెళ్ళేవరకు పనికివచ్చేవే. నొప్పి తగ్గినంత మాత్రాన కారణం తొలగిందని భావించరాదు. మూత అక్కడనే ఉన్నది. మరి కొన్ని వారాలకో, నెలలకో నొప్పి తిరిగి రావచ్చును.

ఇంకొక సంగతిని గట్టిగా చెప్పవలసి ఉన్నది. పంటి వద్ద పుట్టిన చీము కింది దవడ అడుగుకూ, మెడకూ పాకే ప్రమాదం అరుదుగానైనా ఉన్నది. నాలుక కింది భాగం గట్టిపడి వాచి, ఊపిరికే అడ్డు వచ్చే ఆ స్థితిని 1836లో లుడ్విగ్ అనే జర్మను వైద్యుడు వర్ణించినాడు. నేటికీ అది ప్రాణాంతకమైన స్థితే. పంటినొప్పితో పాటు జ్వరం, గవద కింద వాపు, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి బరువు కావడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగరాదు. ఆ రాత్రే ఆసుపత్రికి పోవలెను. పంటినొప్పికి ఎవరైనా చనిపోతారా అని నవ్వేవారు ఈ మాట గుర్తుంచుకోవలెను.

అయితే జ్ఞానదంతం ఉన్న ప్రతివారూ దానిని తీయించుకోవలెనా? అక్కరలేదు. నిటారుగా వచ్చి, పైపంటితో కలిసి నమిలే పనిలో పాల్గొంటూ, కుంచెకు అందే పన్నును తీయవలసిన పని లేదు. ఎముకలో పూర్తిగా దాగి, ఏ తొందరా చేయని పన్నును కూడ అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొంటూ ఉంచుకోవచ్చును. బ్రిటన్ దేశంలో వైద్యసేవకు మార్గదర్శక సూత్రాలు నిర్ణయించే నైస్ అనే సంస్థ, ఏ జబ్బూ లేని పళ్ళను ముందుజాగ్రత్త పేరిట తీసివేసే పద్ధతిని మానుకోవలెనని 2000 సంవత్సరంలో సలహా ఇచ్చినది. అమెరికాలో మాత్రం చిన్నవయస్సులోనే తీయించుకోవడం మేలనే వైద్యులు పలువురు ఉన్నారు. పన్ను పుచ్చినప్పుడూ, ముందరి పన్నును పాడు చేస్తున్నప్పుడూ, చిగురు మాటిమాటికీ వాస్తున్నప్పుడూ, చుట్టూ నీటితిత్తి ఏర్పడినప్పుడూ తీయించుకోవలెననే విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. జ్ఞానదంతం నెట్టడం వల్లనే ముందుపళ్ళు వంకరపోతవనే నమ్మకానికి పరిశోధనలలో బలమైన ఆధారం కనిపించలేదు. కనుక ఆ ఒక్క కారణం చెప్పి తీయించుకొనేముందు మరొకసారి ఆలోచించడం మంచిది.

తీయించుకోవలెనని తేలిన తరువాత కూడ మనవారు వెనుకాడుతారు. పైపన్ను తీయిస్తే కంటిచూపు పోతుందనే భయం మన పల్లెలలోనూ, పట్టణాలలోనూ ఇంకా వినిపిస్తున్నది. చూపు మోసే నరం కంటి వెనుకనుంచి నేరుగా మెదడుకు పోతుంది. పంటినొప్పి మోసే నరం వేరొకటి. దాని పుట్టుక వేరు, దాని దారి వేరు. పన్ను తీసినందువల్ల చూపునరానికి హాని కలగదు. ఇటువంటి భయంతో ఏండ్ల తరబడి వాయిదా వేసేవారికి కలిగే నష్టం మాత్రం నిజమైనది. ఇరవై ఏండ్ల వయస్సులో పంటి వేళ్ళు పూర్తిగా ఏర్పడి ఉండవు. ఎముక కొంత మెత్తగా ఉంటుంది. గాయం త్వరగా మానుతుంది. వయస్సు పెరిగినకొద్దీ వేళ్ళు ముదిరి, ఎముక గట్టిపడి, పనీ కష్టమవుతుంది, మానడమూ ఆలస్యమవుతుంది.

నొప్పి భయం ఒకనాడు సహేతుకమైనదే. 1844 డిసెంబరు 11వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి, తన దవడపన్నునే మరొక వైద్యునిచేత పీకించుకొన్నాడు. నొప్పి తెలియలేదు. ఆ మరుసటి సంవత్సరం బోస్టనులో ఆయన చేసిన ప్రదర్శనలో రోగి కేక వేయడంతో సభికులు ఆయనను ఎగతాళి చేసినారు. 1846లో అదే బోస్టనులో మోర్టన్ అనే మరొక దంతవైద్యుడు ఈథరుతో విజయం సాధించినాడు. 1884లో కోలర్ అనే వైద్యుడు కంటికి కొకెయిను చుక్కలు వేసి, ఒక్క అవయవాన్నే మొద్దుబరచవచ్చునని నిరూపించినాడు. ఆ వెంటనే హాల్‌స్టెడ్ అనే అమెరికా శస్త్రవైద్యుడు కింది దవడ నరం వద్ద సూదిమందు వేసే పద్ధతిని కనిపెట్టినాడు. 1943లో స్వీడను దేశంలో లోఫ్‌గ్రెన్ లిడోకెయిన్ అనే మందును తయారుచేసినాడు. నేడు దంతవైద్యులు విరివిగా వాడుతున్నది ఆ మందే. సూది గుచ్చిన క్షణం చురుక్కుమంటుంది. తరువాత ఒత్తిడీ, చప్పుడూ తెలుస్తవి, నొప్పి తెలియదు. తెలిస్తే చేయెత్తి చెప్పవలెను. వైద్యుడు మరికొంత మందు వేస్తాడు.

వైద్యునికి ముందుగా చెప్పవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. రక్తపు పోటు, మధుమేహం, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవా? రక్తం పలుచబడడానికి గాని, ఎముకల బలానికి గాని మందులు తీసికొంటున్నారా? ఏ మందైనా పడదా? స్త్రీలైతే గర్భవతులా? వీటిలో ఒక్కటీ దాచరాదు. రక్తం పలుచన చేసే మందును ఎవరికి వారే మానివేయడం పన్ను కంటె పెద్ద ప్రమాదం తెచ్చిపెట్టవచ్చును. ఆ మందు ఇచ్చిన వైద్యునితో సంప్రదించియే ఏదైనా చేయవలెను. సూదిమందు మాత్రమే ఇచ్చి పన్ను తీసేటప్పుడు సాధారణంగా ఉపవాసం అవసరం లేదు. తేలికగా భోజనం చేసి, వెంట ఒక మనిషిని తీసికొని పోవడం మంచిది. ఒళ్ళు తెలియకుండ చేసే మత్తు ఇచ్చేటట్లయితే వైద్యుడు చెప్పినంతసేపు కడుపు ఖాళీగా ఉంచుకోవలెను.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పుకోక తప్పదు. మేము నోటితో బ్రతికేవాళ్ళము. నలభై దాటిన తరువాత మాకు కుడివైపు కింది జ్ఞానదంతం మూడుసార్లు వాచి, మూడవసారి మైకు ముందు కూర్చోలేని స్థితి వచ్చినప్పుడు, తీయించక తప్పదని వైద్యుడు చెప్పినాడు. చెప్పుతూనే ఎక్స్‌రే పటంలో ఒక సన్నని కాలువను చూపినాడు. కింది పెదవికీ, గడ్డానికీ స్పర్శ కలిగించే నరం దవడ ఎముకలో ఆ కాలువగుండా పోతుంది. జ్ఞానదంతం వేళ్ళు దాని దాపునకు దిగుతవి. నాలుకకు స్పర్శ ఇచ్చే మరొక నరం లోపలివైపు చిగురుకు సమీపంగా పోతుంది. పని జరిగేటప్పుడు వీటికి ఒత్తిడి తగిలితే కొందరికి కొన్ని వారాలో, నెలలో తిమ్మిరి ఉండవచ్చును. శాశ్వతంగా ఉండేది నూటికి ఒక్కరికన్న తక్కువ మందికే. అయినా వార్తలు చదివేవానికి పెదవి తిమ్మిరెక్కితే ప-వర్గం ఏమవుతుంది? నాలుక మొద్దుబారితే ట-వర్గం ఏమవుతుంది? ఆ ప్రశ్నతో రెండు రాత్రులు మాకు సరిగా నిద్ర పట్టలేదు.

వైద్యుడు మా భయాన్ని తేలికగా కొట్టివేయలేదు. పంటి వేరు నరాన్ని మరీ అంటిపెట్టుకొని ఉంటే, మూడు దిక్కులా చూపే ఎక్స్‌రే పటం తీయించి, అవసరమైతే పైభాగాన్ని మాత్రమే కోసి, వేళ్ళను ఎముకలోనే వదలివేసే పద్ధతి కూడ ఉన్నదన్నాడు. మా పంటికి ఆ అవసరం లేదన్నాడు. చిగురును కొద్దిగా కోసి, చుట్టూ ఉన్న ఎముకను అవసరమైనంత తొలగించి, పన్నును రెండు ముక్కలు చేసి తీసినాడు. పెద్ద పన్నును పెద్ద రంధ్రం చేసి లాగడంకన్న, ముక్కలు చేసి చిన్న దారిన తీయడం వల్ల ఎముక మిగులుతుంది. మూడు కుట్లు వేసినాడు. అంతా ముప్పావు గంట పని. ఆ సాయంకాలం మందు ప్రభావం పోయిన తరువాత అద్దం ముందు నిలిచి ప, ఫ, బ, భ, మ అని పలికి చూచుకొన్నాము. గుడ్డమడత నోటిలో ఉన్నప్పటికీ అక్షరాలు అక్షరాలుగానే వచ్చినవి.

వైద్యుని పని అక్కడితో ముగిసినది. ఇకమీది పని రోగిదీ, అతని ఇంటివారిదీ. ఆ పనికంతా ప్రాణం ఒక చిన్న రక్తపుగడ్డ. పన్ను తీసిన గుంటలో రక్తం ఊరి, గడ్డకట్టి, మూతవేసినట్లు నిలుస్తుంది. ఎముకకూ, అందులోని నరపు కొసలకూ అదే పైకప్పు. దానిని ఆధారం చేసికొనియే కొత్త మాంసం పుట్టుతుంది. దాని మీదనే చిగురు కలుసుకొంటుంది. దాని చోటనే కొన్ని నెలలకు ఎముక నిండుతుంది. నారుమడిలో మొలక నిలదొక్కుకొనేవరకు రైతు దానిని కదపడు. ఆ గడ్డను కూడ అట్లే చూడవలెను.

మొదటి గంట గుడ్డమడతను గట్టిగా కరచిపట్టి ఉంచవలెను. మాటిమాటికీ తీసి చూడరాదు. ఉమ్మిలో ఎరుపు కనబడితే కంగారు పడనక్కరలేదు. ఒక బొట్టు రక్తం నోటినిండా లాలాజలాన్ని ఎర్రబరుస్తుంది. మొదటి ఇరవై నాలుగు గంటలు పుక్కిలించరాదు, ఉమ్మరాదు. నోరు ఊరితే మెల్లగా మింగవలెను. ప్రొద్దున్నే నాలుకబద్ద వేసికొని కాండ్రించే అలవాటును రెండు రోజులు విడిచిపెట్టవలెను. గొట్టంతో పీల్చి త్రాగరాదు. కొబ్బరినీళ్ళయితే గ్లాసులో పోసికొని త్రాగవచ్చును. మామిడిపండ్ల రోజులైతే రసాలను చీకడం, భోజనంలో మునగకాడను పీల్చడం మానవలెను. పీల్చిన ప్రతిసారీ నోటిలో పుట్టే లాగుడుకు గడ్డ ఊడి రావచ్చును. పెదవి మొద్దుబారి ఉన్నంతసేపు వేడి పదార్థం తాకరాదు. కాలినా, కరచుకొన్నా తెలియదు.

ఇంటిలో పెద్దలు చెంప వాచిందనగానే కాపడం పెట్టబోతారు. మొదటి రోజున వేడి కూడదు. అది రక్తాన్ని ఇంకా పిలుస్తుంది. మంచుముక్కలను గుడ్డలో చుట్టి, పావుగంట ఉంచి, పావుగంట తీసి, చెంప మీద ఆనించవలెను. రాత్రి తల కింద రెండు దిళ్ళు వేసికొని పడుకొంటే వాపు తక్కువగా ఉంటుంది. నొప్పికి వైద్యుడు చెప్పిన మాత్రను మొద్దు విడిపోకముందే వేసికొనడం తెలివి. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ అనే మందులు ఈ నొప్పికి బాగా పనిచేస్తవి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారు మొదటి మందును అడగకుండ వేసికొనరాదు. ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది. సూక్ష్మజీవులను చంపే మందులు అందరికీ అవసరం కావు. వైద్యుడు వ్రాసి ఇస్తే చెప్పినన్ని రోజులూ వాడవలెను. అల్మరాలో మిగిలిన పాత మాత్రలతో ప్రయోగాలు కూడదు.

రెండవ రోజునా, మూడవ రోజునా వాపు హెచ్చుతుంది. దీనిని ముందుగా తెలిసికొని ఉంటే సగం దిగులు తీరుతుంది. చూడవచ్చినవారు "అయ్యో, ఇంత వాచిందేమిటి, ఏదో వికటించింది" అంటారు. వికటించినదేమీ లేదు, శరీరం తన పని చేస్తున్నది. నాలుగవ రోజునుంచి వాపు దిగుతుంది. దవడ కండరాలు బిగుసుకొని నోరు రెండు వేళ్ళ వెడల్పున కూడ తెరుచుకోకపోవడం కూడ సామాన్యమే. వారం పది రోజులలో సడలుతుంది. రెండవ రోజునుంచి గోరువెచ్చని ఉప్పునీటిని నోటిలో పోసికొని, తలను ఇటూ అటూ వంచి, బలంగా పుక్కిలించకుండ, జారవిడువవలెను. మిగిలిన పళ్ళను మెత్తని కుంచెతో తోముకోవలెను. వేపపుల్లనూ, పండ్లపొడినీ గాయం మానేదాకా దూరంగా ఉంచవలెను.

భోజనం సంగతి ఇంటి ఇల్లాలికి వేరుగా చెప్పనక్కరలేదు; మన వంటింటిలో దీనికి తగినవి కావలసినన్ని ఉన్నవి. చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, పలుచని పప్పుతేట, అరటిపండు, మజ్జిగ. ఒక్క హెచ్చరిక మాత్రం చేయవలసి ఉన్నది: పెరుగన్నంలో పోపు పెట్టరాదు. ఆవగింజ చిన్నదే; గుంటలో దూరితే రావడం కష్టం. నువ్వులూ, బొంబాయిరవ్వ పలుకులూ అటువంటివే. ఆవకాయకు పది రోజుల సెలవు ఇవ్వవలెను. ఆంధ్రులకు ఇది చిన్న త్యాగం కాదని మేమెరుగుదుము.

ఇంత చెప్పినా గడ్డ నిలవకపోతే ఏమవుతుంది? గుంట ఖాళీ అయి, ఎముక బయటపడుతుంది. దీనిని వైద్యులు పొడిగుంట అంటారు. తగ్గుతూ వచ్చిన నొప్పి రెండవ రోజుకూ నాలుగవ రోజుకూ మధ్య ఒక్కసారిగా పెరిగి, చెవికీ కణతకూ ప్రాకుతుంది. నోట దుర్వాసన వేస్తుంది. కింది జ్ఞానదంతం తీసినచోట ఇది తక్కిన పళ్ళకంటె ఎక్కువ. ఇటువంటి నొప్పికి ఇంటిలో మాత్రలు మింగుతూ కూర్చోరాదు. వైద్యుడు గుంటను కడిగి, మందు పెట్టిన అద్దకం ఉంచితే త్వరలోనే ఉపశమనం కలుగుతుంది. ఆ మందులో తరచుగా ఉండేది మన లవంగనూనెలోని యూజెనాలే.

పొడిగుంటకు పొగాకు ముఖ్యమైన కారణాలలో ఒకటి. చుట్ట, బీడి, సిగరెట్టు, ఖైనీ, గుట్కా, జర్దాకిళ్ళీ, ఏ రూపమైనా సరే. పొగ పీల్చే లాగుడు గడ్డను కదుపుతుంది. పొగాకులోని నికొటిన్ రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేసి మానడాన్ని ఆపుతుంది. ఉత్తర కోస్తా జిల్లాలలో నిప్పువైపు నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగే స్త్రీలున్నారు. ఆ అలవాటు అంగుటిలో పుట్టకురుపుకు దారితీస్తుందని వైద్యులు ఏనాడో చెప్పినారు. పన్ను తీయించుకొన్న వారం పొగాకు లేకుండ గడిపినవారు, ఆ వారాన్ని నెలగానూ, నెలను ఏడాదిగానూ పొడిగించవచ్చును. ఇంతకన్న మంచి ముహూర్తం దొరకదు.

వారానికి కుట్లు తీస్తారు. కొన్ని దారాలు వాటంతట అవే కరుగుతవి. మూడు నాలుగు వారాలకు చిగురు కలుసుకొంటుంది. మధ్యలో ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే వైద్యుని వద్దకు పోవలెను: గుడ్డ కరచిపట్టినా ఆగని రక్తం, మూడు రోజుల తరువాత కూడ పెరిగే వాపు, జ్వరం, చీము, మందు ప్రభావం పోవలసిన వేళ దాటినా పెదవికో నాలుకకో విడవని తిమ్మిరి. ఊపిరికి గాని మింగుటకు గాని కష్టమైతే అది అత్యవసరం.

మేము పదవ రోజున తిరిగి మైకు ముందు కూర్చున్నాము. ఆ పది రోజులలో నేర్చుకొన్నది ఒకటున్నది. మాట్లాడకుండ ఉండడం, ఊరక పడుకొని ఉండడం, అడిగినది తినకుండ ఇచ్చినది తినడం, ఇవన్నీ చేతకానితనమని పనిమంతులు భావిస్తారు. గాయం మానే వేళ ఇవే పనులు. ఇంటిలో ఎవరికైనా ఈ పన్ను తీయించవలసివస్తే, వారిని ఆ మొదటి మూడు రోజులు పలుకరించకండి. పలకా బలపమో, కాగితమూ కలమో చేతికివ్వండి. జావ చల్లార్చి ఇవ్వండి. రేడియో కొంచెం మెల్లగా పెట్టండి. మిగిలినదంతా ఆ గుంటలోని చిన్న గడ్డ చూచుకొంటుంది.